అన్న పంపిన ప్లేటు

పోయిన నెలలో మా మనవరాలు లహరి బెంగళూరు నుంచి కడపకు వస్తూ, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఒక పెట్టె తెచ్చింది. విప్పి చూస్తే పాటల ప్లేట్లు వాయించే యంత్రం. మా కాలపు గ్రామఫోను కాదు. దీనికి బాకా లేదు, కీ తిప్పే పని లేదు, కరెంటు పెడితే తనంతట తానే తిరుగుతుంది. ఇప్పటి పిల్లలకు మళ్లీ ఈ పిచ్చి పట్టిందట. మేం పాత సామాన్ల వాళ్లకు వేసినవన్నీ వాళ్లు వెతికి వెతికి కొనుక్కుంటున్నారు. "అవ్వా, నీ దగ్గర ఒక ప్లేటుండాది అంటివి కదా, తియ్యి" అంది. ఉంది. యాభై ఏళ్లకు పైగా నా వెంబడే ఉంది. అప్పటి నుంచి టీచరు ఉద్యోగంలో ఎన్ని ఊళ్లు మారానో అన్ని ఊళ్లకూ పట్టుచీరల పెట్టె అడుగున అదీ వచ్చింది. నేను ఒక్కసారి కూడా వాయించలేదు. ఎందుకు వాయించలేదో చెప్పాలంటే ఎమ్మిగనూరులో మా ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

మాది మగ్గాల వీధి. ముందరి గదిలో రెండు గుంత మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి చిన్నాయనది. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు దారాలు చాపి గంజి పెట్టేవాళ్లు. ఆ పులిసిన గంజి వాసన మా బట్టలకూ జుట్టుకూ, చివరికి మేం తినే జొన్నరొట్టెకు కూడా పట్టి ఉండేది. బడిలో వేరే వీధుల పిల్లలు నా పక్కన కూర్చోవాలంటే ముక్కు మూసుకునేవాళ్లు. నాకేమో ఆ వాసన లేనిచోట నిద్ర పట్టేది కాదు. పొద్దెక్కేసరికి రెండు మగ్గాలూ ఆడేవి, ఇక ఇంట్లో ఏ మాటయినా అరిచి చెప్పుకోవాల్సిందే. అమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుంది. పెళ్లిళ్లకు పోయినా అదే గొంతుతో మాట్లాడేది. పక్కవాళ్లు ఉలిక్కిపడితే, "వీళ్లకేమొచ్చె?" అని నన్నే అడిగేది.

నెలకు ఒక్క రోజు మాత్రం మా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం గుంతలో కాలు పెట్టరు. పొద్దున్నే మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టి, బొరుగుల ఉగ్గాని తిని, మధ్యాహ్నం నుంచి భజనకు కూర్చునేవాళ్లు. నాయన హార్మోనియం, దూదేకుల కాశీం మామ తబల, చిన్నాయన తాళాలు. ముగ్గురే, కానీ వీధంతా వచ్చి మా అరుగు మీద కూర్చునేది. నాయన ఒక వరుస ఎత్తుకుంటే కాశీం మామ దానికి బదులు చెప్పినట్టు వాయించేవాడు, ఆ బదులు విని నాయన ఇంకొకటి అడిగేవాడు. ఊళ్లో నాయనను నేసే నాగప్ప అన్నవాళ్లు లేరు, హార్మోనియం నాగప్ప అనే అనేవాళ్లు. ఒక నాటకం కంపెనీ వాళ్లు ఊరు విడిచిపోతూ ఆయనకు తమ పాత గ్రామఫోను ఇచ్చిపోయారు. దానితోపాటు పది పద్యాల ప్లేట్లు. ప్లేటు ప్లేటుకూ కొత్త ఉక్కు ముల్లు బిగించాలి. అరిగిన ముల్లుతో వాయిస్తే నాయనకు ఒళ్లు మండేది. ముళ్ల డబ్బా ఆయన దేవుని గూట్లో పెట్టుకునేవాడు, మేం ముట్టకుండా.

మా అన్న మల్లికార్జున మగ్గం కంటే ముందు హార్మోనియం నేర్చాడు. నాయన తన తొడ మీద కూర్చోబెట్టుకుని నేర్పించాడట, నేనప్పటికి పుట్టలేదు. పైచదువుకని ఆదోనికి పంపితే అక్కడ ఒక పాదిరిగారి ఇంట్లో పియానో చూశాడు. ఇక చదువు ఏమయిందో ఎవరికీ తెలియదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నాతో, "హార్మోనియానికి ఒక చెయ్యి గాలికే పోతాది చెల్లీ. పియానోకయితే రెండు చేతులూ పాడతాయి" అన్నాడు. నాతో అన్నాడు కాబట్టి సరిపోయింది, నాయనతో అని ఉంటే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. ఒక రోజు ఆదోనిలో బొంబాయి మెయిలు ఎక్కి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది, ఒక హోటల్లో బాండు వాళ్లతో కలిసి పియానో వాయిస్తున్నానని. అది విన్న రోజు నాయన, "తాగి తూలేవాళ్ల ముందర కూచోని వాయించనీకా నేను నేర్పించింది" అని ఒక్క మాట అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లు అన్న పేరు ఆయన నోట రాలేదు. అన్న మాత్రం నెల నెలా నా పేరుతో ఉత్తరం రాసేవాడు, నేను అమ్మకు చదివి వినిపించేదాన్ని. మగ్గం చప్పుడులో అరిచి చదవాలి కాబట్టి నాయనకూ వినపడేది. వినపడనట్టు నేస్తూ ఉండేవాడు.

ప్లేటు వచ్చింది అట్లాంటి రోజుల్లోనే. పత్తి వ్యాపారం మీద బొంబాయి పోయివచ్చిన ఆదోని మనిషి ఒకాయన తెచ్చి ఇచ్చాడు. మా ప్లేట్ల కంటే వెడల్పు, పల్చన. వంచితే వంగుతుంది, కింద పడినా పగలదు. అట్ట మీద ఒక నల్లజాతి మనిషి పియానో ముందు పక్కకు తిరిగి కూర్చుని ఉన్నాడు. వెనక ఒకడు నిలువెత్తు ఫిడేలు లాంటిది పట్టుకుని, ఇంకొకడు డ్రమ్ముల ముందు. ముగ్గురే. అమ్మ ఆ అట్టను చాలాసేపు చూసి, "ఈయప్ప మనోడి మాదిరే ఉండాడే, పొద్దంతా సేన్లో ఎండకు నిలబడినోని మాదిరి" అంది. దానితో పాటు అన్న ఉత్తరం. ఈసారి నా పేరుతో కాదు, నాయన పేరుతో. అందులో ఉన్నది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నాయనా, నేను ఈడ ఏం వాయిస్తాండానో మీకు నోటితో చెప్పలేకపోతిని. ఈ ప్లేటులో వాయించినాయనది అమెరికా. ఆయన మాదిరి వాయించాలనే నేను దినమూ కష్టపడతాండా. ఒకసారి కూచోని ఇనండి. ఇన్నాక రమ్మంటే మన ఊరి జాతరకు వస్తా. వద్దంటే రాను."

నాయన ఉత్తరం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆయనకు చదవడం అంతంతమాత్రం, అయినా ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. "అమావాస్య నాడు పెడదాం. కాశీంని కూడా రమ్మను" అన్నాడు. ఆ పది రోజులూ అమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. అన్న పడుకునే చాపను ఉతికి ఆరవేసింది.

అమావాస్య నాడు నాయన తలస్నానం చేసి, నాటకాలకు పోయేటప్పుడు వేసుకునే తెల్ల జుబ్బా వేసుకున్నాడు. వీధంతా వచ్చింది, బొంబాయి నుంచి నాగప్ప కొడుకు ప్లేటు పంపాడని. కొత్త వస్తువు ఏది ఇంటికి వచ్చినా బొట్టు పెట్టడం మా అలవాటు. అమ్మ ఆ ప్లేటు నడుమ ఉన్న కాగితం మీద, అక్షరాల పైనే, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నాయన కీ తిప్పి, కొత్త ముల్లు బిగించి, ప్లేటు మీద ఆనించాడు.

కీచుమని ఒక అరుపు. ఎవరో వంద పిల్లులను గోనెసంచిలో వేసి తిప్పినట్టు. పియానో లేదు, పాట లేదు, గజ్జెలు ఊడిపడినట్టు చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ ఒక్కటి చాలు, వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏమప్పా నాగప్పా, నీ కొడుకు బొంబాయిలో నేర్చింది ఇదేనా!" అని ఎవరో అరిచారు. కాశీం మామ ఒక్కడే నవ్వలేదు. తల వంచి, చెవి బాకాకు ఆనించి, "లయ ఉండాది నాగప్పా. శానా ఉరుకుతాండాదంతే. ఉండు, తియ్యొద్దు" అన్నాడు. నాయన వినలేదు. "ఉరికేదానికి లయ యాడుంటాది" అని ముల్లు ఎత్తేశాడు. అర నిమిషం కూడా వినలేదు. నేనూ నవ్వాను. అది చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. అందరూ నవ్వుతున్నారని సిగ్గేసి, ఆ సిగ్గులో నేనూ నవ్వాను.

మరుసటి రోజు నాయన మగ్గం ఆపకుండానే నాచేత జవాబు రాయించాడు. "ప్లేటు ఇంటిమి అని రాయి. నీ పాటకు మన ఈదంతా నగింది అని రాయి. జాతరకు వచ్చే పని లేదు అని రాయి." మామూలుగా నాయన చీరల వ్యాపారులకు కోపంగా ఏదైనా చెబితే, నేను దాన్ని సగం చేసి మర్యాదగా రాసేదాన్ని. ఆయనకూ అది తెలుసు, బహుశా అందుకే అంత కోపంగా చెప్పేవాడు. ఆ రోజు మాత్రం చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒక్క మాట తగ్గించలేదు. అమ్మ రాట్నం ఆపి నా వైపు చూస్తూ ఉంది, నేను తల ఎత్తలేదు.

జాతరకు అన్న రాలేదు. ఎండాకాలం ముదిరాక టెలిగ్రాం వచ్చింది. కామెర్లు వచ్చి పోయాడు, దహనం అక్కడే చేశాం అని హోటలు వాళ్లు ఇచ్చిన టెలిగ్రాం. దాన్ని కూడా నేనే అరిచి చదివాను. నాయన చేతిలో పేక దూర్చే నాడె ఆగింది. చిన్నాయన మగ్గం కూడా ఆగింది. అమావాస్య కాని రోజున మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం అదే మొదలు. కాసేపటికి నాయన మళ్లీ నేత మొదలుపెట్టాడు. అమ్మ పొయ్యి మీద గంజి కాస్తున్నదల్లా అట్లాగే నిలబడిపోయింది, గంజి అడుగంటి మాడిపోయింది. ఎవరూ ఏడవలేదు. వీధివాళ్లు వచ్చి ఏడిచారు, మేం వాళ్లకు మంచినీళ్లు ఇచ్చాం. నాకు ఆ రోజంతా మాడిన గంజి వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. ఎంత వెతికినా లోపల దుఃఖం దొరకలేదు, తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు ఉండింది. నెల తర్వాత అన్న ట్రంకుపెట్టె వచ్చింది. నల్ల కోటు, ఒక జత బూట్లు, కోటు జేబులో నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం. నా చేతిరాత.

ఆ మరుసటేడు నేను కర్నూలులో టీచరు ట్రైనింగులో చేరాను. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన తర్వాతి కర్నూలు అది, పెళ్లివారు వెళ్లిపోయాక మిగిలిన పందిరిలా ఉండేది. మా ఇంగ్లీషు మేడం ఒకసారి మమ్మల్ని నలుగురు అమ్మాయిలను ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చింది. వాళ్ల హాల్లో రేడియో, గ్రామఫోను కలిసి ఉన్న పెద్ద పెట్టె ఒకటి ఉంది. ఆమె ఒక పెద్ద ప్లేటు తీసింది. వెడల్పు, పల్చన, వంగేది. పెట్టె పక్కనున్న బిళ్లను తిప్పి ఒక అంకె దగ్గర పెట్టింది. ప్లేటు నిదానంగా, ఎద్దు గానుగ తిరిగినంత నిదానంగా తిరిగింది.

"ఇంత మెల్లగా తిరుగుతుందేం మేడం?" అన్నాను.

"ఈ పెద్ద ప్లేట్లు మెల్లగానే తిరగాలమ్మా. పాత గ్రామఫోను మీద పెడితే రెండింతలకు మించి పరిగెత్తి కీచుమంటాయి. పైగా ఆ ఉక్కు ముల్లు వీటిని చెక్కేస్తుంది, పదేపదే వాయిస్తే ఇక ఏమీ మిగలదు" అంది.

నేను కాఫీ తాగాను. బాగుందని కూడా చెప్పాను. అన్న రెండేళ్లుగా హోటళ్లలో కొత్త యంత్రాల మధ్య ఉండి, మా ఇంట్లో ఉన్న పెట్టె ఎట్లాంటిదో మరిచిపోయాడు. ఇంటి గురించి అన్న మరిచింది అదొక్కటే అయి ఉంటుంది. కాశీం మామ చెప్పింది అక్షరాలా నిజం. ఇవన్నీ నాకు లెక్కలు చేసినంత స్పష్టంగా అర్థమయ్యాయి. అంతే, అర్థమయ్యాయి.

ఆ వారమే బస్సెక్కి ఇంటికి పోయాను. నాయనకు చెప్పాలి అన్నది ఒక్కటే మనసులో ఉంది. నీ కొడుకు పాడు పాట పంపలేదు నాయనా, మన పెట్టె తప్పు, అని. ఆయన సంగటి తింటున్నాడు. ముద్దను ఊరిబిండి పచ్చడిలో అద్దుకుంటూ, నా వైపు చూడకుండా, "కర్నూల్లో గ్రామఫోను ముల్లులు దొరుకుతాయామ్మా? ఈడ దొరకడంల్యా" అన్నాడు. అన్న పోయినప్పటి నుంచి ఆయన హార్మోనియం ముట్టలేదు, భజన ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ పద్యాల ప్లేట్లు వింటున్నాడు కాబోలు, మనిషి కోలుకుంటున్నాడు అనుకున్నాను. ఇట్లాంటప్పుడు చెబితే, కొడుకును తానే కాదన్నానని, అదీ ఒక పెట్టె తప్పుకు కాదన్నానని కుమిలి చస్తాడు. చెప్పకపోవడమే దయ అనుకున్నాను. ప్లేటు ఎట్లాగూ అట్టలో భద్రంగా ఉంది, ఆయన ఇక దాని మొహం చూడడు అనుకున్నాను. "దొరుకుతాయి నాయనా, తెస్తా" అన్నాను.

తెచ్చాను. ట్రైనింగు అయినన్నాళ్లూ తెచ్చాను, ఉద్యోగం వచ్చి వేంపల్లె పోయాక కడప బజారులో కొని తెచ్చాను. ఇంటికి పోయే ప్రతిసారీ ఒక రేకు డబ్బా. గడప దాటగానే, "తెస్తివా?" అనేవాడు. నా పెళ్లయి మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు కూడా అల్లుడి బాగోగులు అడగకముందే అదే అడిగాడు. మా ఆయన చాలా రోజులు దాన్ని చెప్పి నవ్వేవాడు. అమ్మ ఒకసారి నాతో, "మీ నాయనకేం పట్టిందో. అమావాస్య వస్తే మమ్మల్నందర్నీ గుడికి పొండి అని తరిమి తానొక్కడే తలుపేసుకుంటాడు. పండుకుంటాడేమో" అంది. వయసు మీద పడింది, పడుకోనీలే అన్నాను. నాయన పోయిన తర్వాత చిన్నాయన గ్రామఫోనును ఎవరికో ఇచ్చేశాడు. ప్లేటు దేవుని గూటి వెనక, అన్న నల్లకోటులో చుట్టి ఉంది. నేను తెచ్చుకున్నాను. విప్పి చూడలేదు.

ఇదంతా లహరికి చెబితే అది ముందు అట్ట మీద పేరు చూసి ఫోన్లో నొక్కింది. ప్లేటు ప్లేటంతా ఫోన్లో ఉంది. మా అన్న ఆదోని స్టేషన్లో రైలెక్కి, రెండేళ్లు ఇంటికి దూరమై, ఎవరి చేతనో మోయించి పంపింది దీనికి రెప్పపాటు పని. విన్నాను. పియానో ఆయన ఒక మాట అడుగుతాడు, పెద్ద ఫిడేలు, డ్రమ్ములు బదులు చెబుతాయి, ఆ బదులు విని ఆయన ఇంకొకటి అడుగుతాడు. నిదానంగా, హాయిగా, కాలితో తాళం వేయించేటట్టు. మా ఇంటి అమావాస్య భజనే. ఒక్కసారి సరిగ్గా విని ఉంటే నాయన పది నిమిషాల్లో హార్మోనియం ముందుకు లాక్కునేవాడు, కాశీం మామ తబల బిగించేవాడు, జాతరకు అన్న వచ్చేవాడు. బాగుంది అన్నాను. నిజంగా బాగుంది. బాగుంది అనుకోవడం తప్ప నా లోపల ఏమీ కదలలేదు, అది నాకు అలవాటే.

తర్వాత లహరి అసలు ప్లేటు పెట్టింది. అమ్మ పెట్టిన బొట్టు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చయింది. "మొదట అర నిమిషం గీసుకుపోయి ఉంటుంది, అక్కడ మా నాయన ముల్లు ఎత్తేశాడు. ఆ తర్వాత బాగానే ఉంటుంది" అని ఆ పిల్లకు ముందుగానే చెప్పాను. యంత్రం మెల్లగా తిరిగింది. బరబరా గోకిన చప్పుడు. ఎక్కడో అడుగున, గోడ అవతల ఎవరో మగ్గం తొక్కుతున్నట్టు, పెద్ద ఫిడేలు దుమ్ము దుమ్ముమంటోంది. పియానో వినపడీ వినపడకుండా ఉంది. అర నిమిషం దాటింది. నిమిషం దాటింది. బరబర ఆగలేదు. మొదటి పాట అయిపోయి రెండోది వచ్చింది, మూడోది వచ్చింది, అదే గోకుడు. లహరి ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా నలుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. తిరగేసింది. రెండో వైపు కూడా అంతే.

"ఒకసారి పెడితే ఇట్ల కాదవ్వా. దీన్ని ఎవరో ఏండ్ల తరబడి వాయించినారు" అంది.

నాకు అప్పుడు మా ఇంటి ముందరి గది కనిపించింది. అమావాస్య మధ్యాహ్నం, తలుపు వేసి ఉంది, మగ్గాలు ఆగి ఉన్నాయి, తెల్ల జుబ్బా వేసుకుని ఆయన ఒక్కడే కూర్చుని కీ తిప్పుతున్నాడు. కాశీం మామ అన్న లయ ఎక్కడుందా అని, ఆ కీచురొదలో కొడుకు చెయ్యి ఏదా అని, తెల్లారి మళ్లీ మగ్గం ఎక్కే మనిషి ఇంకొకసారి, ఇంకొకసారి. ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. కర్నూలుకు పిలుచుకుపోయి మేడం ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే చాలు. చెప్పలేదు. చెప్పకపోగా, ఆయన అడిగినప్పుడల్లా ముళ్లు తెచ్చి ఇచ్చింది నేను.

రెండో వైపు సగం కూడా కాకముందే లహరి చెయ్యి చాపింది. "ఏమీ ఇనపడ్డంల్యా అవ్వా, తీసేయనా?"

"తియ్యొద్దు" అన్నాను. "కడదాకా పోనీ."